కొట్టకుండా పెట్టే హింసను పిటిషన్‌లో ఎలా రాయించాలి

"కొట్టడు మేడమ్, అదొక్కటీ లేదు." ఒంగోలులో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఈ మాటతోనే మొదలుపెడతారు. తర్వాత అరగంట చెబుతారు. జీతం పడిన రోజే ఏటీఎం కార్డు ఆయన చేతికి పోతుంది. అమ్మతో మాట్లాడాలంటే స్పీకర్ ఆన్ చేయాలి. బజారుకెళ్తే లొకేషన్ పంపాలి. పాలవాడికిచ్చిన డబ్బుకు కూడా రాత్రికి లెక్క చెప్పాలి. డిగ్రీ సర్టిఫికెట్లు అత్తగారి బీరువాలో ఉన్నాయి, తాళం ఎక్కడుంటుందో తెలియదు. ఇంత చెప్పాక "కొట్టలేదు కదా, కేసు అవదేమోలే" అని లేవబోతారు.

కేసు అవుతుంది. కాకపోతే రాయించే పద్ధతిలో రాయించాలి.

నేను ముందు గృహహింస విభాగంలో లీగల్ కౌన్సెలర్‌గా పనిచేశాను. ఇప్పుడు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్‌గా ఇవే కేసులు చూస్తున్నాను. నేను చూసినంతలో ఈ కేసులు చట్టం లేక ఓడిపోవడం లేదు, పిటిషన్‌లో విషయం లేక నీరసపడిపోతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను. మీకే అవసరం కావచ్చు, మీ చెల్లెలికో కూతురికో కావచ్చు.

చట్టంలో ఉన్నదేమిటి

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. మూడో సెక్షన్ ప్రకారం శారీరక హింస, లైంగిక హింస, మాటలతోనూ చేతలతోనూ మనసును నలిపే హింస, ఆర్థిక హింస అన్నీ గృహహింసే. వీటిలో ఏ ఒక్కటున్నా చాలు. ఒంటిమీద దెబ్బ ఉండి తీరాలని ఎక్కడా లేదు.

2006 నియమాల వెనక కొన్ని ఫారాలు ఉన్నాయి. మొదటిది సంఘటన నివేదిక. ఆఫీసుల్లో డీఐఆర్ అంటారు. అది తెరిచి చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఉద్యోగంలో చేరనివ్వకపోవడం, ఇల్లు దాటనివ్వకపోవడం, ఫలానా మనిషిని కలవనివ్వకపోవడం, శీలం మీద నింద వేయడం, మగపిల్లాడు లేడని దెప్పడం, జీతం బలవంతంగా లాక్కోవడం, చెప్పకుండా నగలు తాకట్టు పెట్టడం, ఇంట్లో ఒక భాగంలోకి రానివ్వకపోవడం, ఇంటద్దె కట్టకుండా వదిలేయడం... ఇవన్నీ అందులో విడివిడిగా రాసి ఉన్నాయి. బాధితురాలికి ఆమె హక్కులు తెలియజెప్పే నాలుగో ఫారంలో "చచ్చిపోతా" అని బెదిరించడం కూడా హింస కిందే ఉంది. మీరు "ఇది కూడా చెప్పాలా" అని సిగ్గుపడుతున్న సంగతులు పార్లమెంటు చేసిన చట్టం కింద అచ్చయి ఉన్నాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో భార్యనో భర్తనో ఇలా అదుపులో బిగించి పెట్టడాన్ని 2015 చట్టంతో నేరుగా నేరం చేశారు. ఐదేళ్ల వరకు జైలు. మన గృహహింస చట్టం దారి వేరు. ముందు మేజిస్ట్రేటు "ఈ పని చేయకు" అని ఉత్తర్వు ఇస్తారు, దాన్ని మీరితే అది నేరం అవుతుంది. అందుకే మన దగ్గర ఆ ఉత్తర్వులో ఏం రాసి ఉందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. పిటిషన్‌లో అడగనిది ఉత్తర్వులోకి రావడం అరుదు. ఉత్తర్వులో లేనిది మీరాడని రేపు పోలీసులకు చెప్పలేం. ఇక్కడినుంచి నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

"చిత్రహింసలు" అంటే సరిపోదు

కోర్టు బయట టైపింగ్ సెంటర్లలో ఒక మూస పిటిషన్ తిరుగుతూ ఉంటుంది. "వివాహానంతరం కొంతకాలం అన్యోన్యంగా కాపురం చేసి, ఆ తర్వాత అదనపు కట్నం కోసం శారీరకంగా, మానసికంగా చిత్రహింసలకు గురిచేసి..." పేర్లు, పెళ్లి తేదీ మారుస్తారు, అంతే. అది చదివిన మేజిస్ట్రేటుకు మీ ఇల్లు కనపడదు. అవతలి లాయరు మిమ్మల్ని బోనులో నిలబెట్టి ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ముందు అని మూడు ప్రశ్నలు వేస్తే మీ దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే మూసలో అవి లేవు.

లాయరు దగ్గరికి వెళ్లే ముందే తెల్లకాగితం తీసుకోండి. సంఘటనలతో మొదలుపెట్టకండి, నియమాలతో మొదలుపెట్టండి. ఆ ఇంట్లో మీకు పెట్టిన నియమాలు ఏమిటి? ఫోన్‌కు లాక్ పెట్టకూడదు. పుట్టింటికి నెలకొకసారే ఫోన్. మగవాళ్లున్న ఆటో ఎక్కకూడదు. పక్కింటావిడతో గుమ్మం దగ్గర నిలబడకూడదు. ఒక్కొక్కటీ రాయండి. తర్వాత దాని ఎదురుగా, ఆ నియమం దాటితే ఏం జరిగేదో రాయండి. మూడు రోజులు మాట్లాడడు, పిల్లల ముందు కంచం తోసేస్తాడు, అర్ధరాత్రి మీ నాన్నకు ఫోన్ చేసి "మీ కూతుర్ని తీసుకుపోండి" అంటాడు, వంటింటి సరుకులకు డబ్బు ఆపేస్తాడు. ఇలాంటి హింసలో విడివిడిగా చూస్తే ప్రతిదీ చిన్నదే. నియమం, దాని వెనక శిక్ష పక్కపక్కన పెట్టినప్పుడే అది భయం మీద నడుస్తున్న ఇల్లని కోర్టుకు కనపడుతుంది.

ఇంకొకటి చేర్చండి: దానివల్ల మీకు ఏం పోయింది. ఈ భాగం చాలామంది వదిలేస్తారు.

ఉదాహరణకు ప్రైవేటు స్కూల్లో పనిచేసే ఒక టీచరమ్మ కాగితం ఇలా ఉండాలి. "ఆర్థికంగా వేధించాడు" అని కాదు. "నా జీతం ఖాతాకు ఆయన ఫోన్ నంబరు జతచేయించారు. ఓటీపీ ఆయనకే వస్తుంది. జీతం పడిన రోజే మొత్తం ఆయన ఖాతాకు వెళ్లిపోతుంది. బస్సు చార్జీలకు రోజూ లెక్కగట్టి ఇస్తారు. ఒకరోజు బస్సు తప్పిపోతే ఆటోకు డబ్బు లేక స్కూలుకు వెళ్లలేకపోయాను, ఆరోజు జీతం కోశారు." దీనికి బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేస్తే ప్రతి నెలా ఒకే తేదీన డబ్బు ఎలా పోతోందో ఆ కాగితమే చెబుతుంది.

జరగనిది మాత్రం రాయించొద్దు. "కొట్టాడని కూడా ఒక ముక్క పెడదాం, కేసు బలంగా ఉంటుంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఒప్పుకోకండి. క్రాస్‌లో (అవతలి లాయరు ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) ఆ ఒక్క ముక్క విరిగితే మిగతా నిజం మీద కూడా అనుమానం పడుతుంది. అలాగే బెంగళూరులో కాపురం ఉంటున్న ఆడపడుచునీ, పండక్కి మాత్రమే వచ్చే తోడికోడలినీ చేర్చొద్దు. అత్తగారు నిజంగా చేసి ఉంటే ఆమెను చేర్చవచ్చు. ప్రతివాదిగా వయోజనుడైన మగవాడే ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు 2016లో కొట్టేసింది.

ఏం అడగాలి

నియమాల కాగితం ముందు పెట్టుకుని, ఒక్కోదానికి ఏ ఉత్తర్వు కావాలో లాయరుతో కూర్చుని పక్కనే రాయించండి.

పద్దెనిమిదో సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు వస్తుంది. మీరు పనిచేసే చోటికి, పిల్లల బడికి రాకూడదని అడగవచ్చు. ఫోన్‌లో గానీ, మెసేజ్‌లో గానీ, మనుషులను పంపి గానీ సంప్రదించకూడదని అడగవచ్చు. ఇద్దరూ వాడే బ్యాంకు ఖాతాలు, లాకర్లు కోర్టు అనుమతి లేకుండా తెరవకూడదని, ఆస్తి అమ్మకూడదని అడగవచ్చు. మీకు సాయం చేసిన మీ అన్నయ్యనో, పక్కింటివాళ్లనో బెదిరించకూడదని కూడా అడగవచ్చు. ఈ జాబితా చివర, ఉత్తర్వులో పేర్కొన్న మరే ఇతర పనీ చేయకూడదని ఒక క్లాజు ఉంది. చాలా పిటిషన్లు దాన్ని వాడుకోవు. అదుపు కేసులకు అసలు తలుపు అదే. లొకేషన్ పంపమని ఒత్తిడి చేయకూడదు, నా ఫోన్ తీసి చూడకూడదు, హాల్లో నా మీదికి తిప్పిన కెమెరా తీసేయాలి, మా అమ్మానాన్నలు ఇంటికి వస్తే అడ్డుకోకూడదు, నా జీతం ఖాతాకు జతచేసిన నంబరు మార్చుకోనివ్వాలి. ఇలా పూర్తి వాక్యాల్లో రాయించండి.

సర్టిఫికెట్లు, ఆధార్, పాస్‌పోర్టు, నగలు తిరిగి ఇప్పించమని పంతొమ్మిదో సెక్షన్‌లోని ఎనిమిదో ఉపసెక్షన్ కింద అడగాలి. స్త్రీధనమే కాదు, మీకు హక్కున్న ఇతర ఆస్తి, విలువైన పత్రాలు కూడా అందులోకి వస్తాయి. నగల జాబితా తూకంతో సహా ఇవ్వండి. బిల్లులు లేకపోతే పెళ్లి ఫోటోలు పనికొస్తాయి.

ఇల్లు. "ఇల్లు మా మామగారి పేరున ఉంది, నాకేం హక్కుంటుంది" అనే మాట నేను విననివారం ఉండదు. మీరు కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు పదిహేడో సెక్షన్ ఇస్తుంది. భర్త బంధువుల పేరున ఉన్న ఇల్లు కూడా ఇందులోకి వస్తుందని 2020 అక్టోబర్‌లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టి కోడల్ని బయటికి పంపే ఎత్తు ఒకటి ఉంది. ఆ చట్టాన్ని అడ్డం పెట్టి కోడలి నివాస హక్కును తుడిచేయడానికి వీల్లేదని అదే ఏడాది డిసెంబర్‌లో వనిత కేసులో తీర్పు వచ్చింది. అలాంటి నోటీసు వస్తే ఊరుకోకండి, గడువులోపు వెళ్లి జవాబు వేయండి. ఆ ఇంట్లో ఉండటమే మీకు ప్రమాదమైతే దానికి సమానమైన వేరే ఇల్లు చూపమని, అద్దె కట్టమని అడగవచ్చు.

ఖర్చులకు ఇరవయ్యో సెక్షన్. 2020 నవంబర్‌లో వచ్చిన రజనీశ్ వర్సెస్ నేహా తీర్పు ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులతో అఫిడవిట్ వేయాలి. మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీనుంచి లెక్కకు వస్తుంది. ఆయన ఉద్యోగి అయితే, ఇవ్వాల్సిన డబ్బు ఇవ్వనప్పుడు జీతంలోంచి నేరుగా మీకు కట్టమని యజమానిని ఆదేశించే అధికారం కోర్టుకు ఉంది. కాబట్టి ఆయన పనిచేసే ఆఫీసు చిరునామా పిటిషన్‌లో పెట్టించండి.

పిల్లలు మీ దగ్గరే ఉండేలా ఇరవై ఒకటో సెక్షన్ కింద అడగండి. మనోవేదనకు పరిహారం ఇరవై రెండు కింద.

బయటపడక ముందు చేసుకోవాల్సినవి

పిటిషన్ మాట ఇంట్లో తెలియక ముందే ఆధారాలు చేతికి రావాలి. తెలిశాక బీరువాలు ఖాళీ అవుతాయి.

మీ ఫోన్‌ను నమ్మకండి. గూగుల్ ఖాతా ఆయన ఫోన్‌లో కూడా ఉందేమో, వాట్సాప్‌లో లింక్ అయిన వేరే డివైజులు ఉన్నాయేమో చూసుకోండి. ఉంటే వెంటనే తీసేయకండి, తీసేస్తే ఆయనకు తెలుస్తుంది. లాయరుతో, హెల్ప్‌లైన్‌తో మాటలు వేరే ఫోన్లో జరపండి. మీరు పనిచేసేచోట తోటి ఉద్యోగిది కావచ్చు, అంగన్‌వాడీ టీచరుది కావచ్చు. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల జనన ధృవపత్రాలు, పెళ్లి ఫోటోలు, ఆయన జీతం స్లిప్ దొరికితే అది, ఫోటోలు తీసి నమ్మకమైన మనిషి దగ్గర పెట్టండి. మీ పేరున, మీ నంబరుతో కొత్త ఖాతా తెరవండి. పోస్టాఫీసులో అయినా సరే.

మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ మాత్రమే తీస్తే తేదీ, నంబరు తెగిపోతాయి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, అసలు ఫోన్ పారేయకండి. ఇలాంటి ఎలక్ట్రానిక్ ఆధారాలతో పాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ వేయాలి. లాయరుకు ఈ మాట గుర్తుచేయండి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన ఫోన్ మాటలను విడాకుల కేసులో ఆధారంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని రికార్డింగ్ కోసం గొడవ రేపి ప్రమాదం తెచ్చుకోవద్దు.

ఒకసారైనా గొంతు పట్టుకున్నాడా? అప్పుడు ఈ కాగితాలన్నీ తర్వాత. గుర్తు పడకపోయినా అది ప్రాణం మీదికి వచ్చే సూచన. మీరు వెళ్లిపోతున్నారని తెలిసిన ఆ కొద్దిరోజులే అన్నిటికన్నా ప్రమాదం. 112కు ఫోన్ చేయండి, డాక్టరుకు చూపించి రాయించుకోండి.

ఎక్కడికి వెళ్లాలి

181 మహిళా హెల్ప్‌లైన్. జిల్లా కేంద్రంలో వన్ స్టాప్ సెంటర్ ఉంటుంది, తెలంగాణలో సఖి కేంద్రం అంటారు. వైద్యం, పోలీసు సాయం, లాయరు, కొద్దిరోజుల వసతి ఒకేచోట దొరకాలని 2015లో పెట్టిన పథకం అది. స్త్రీ శిశు సంక్షేమ శాఖ జిల్లా ఆఫీసులో రక్షణాధికారి (ఈ చట్టం కింద బాధితురాలికి సాయపడే అధికారి) వ్యవహారాలు చూసే విభాగం ఉంటుంది. డీఐఆర్ అక్కడ రాస్తారు. రాసేటప్పుడు మీ నియమాల కాగితం వాళ్ల ముందు పెట్టండి, ఫారంలోని గడులన్నీ చదివించుకోండి, సంతకం ముందు మొత్తం వినండి. కాపీ ఉచితంగా ఇవ్వాలి.

రక్షణాధికారి దొరకలేదని ఆగిపోవద్దు. మీరే నేరుగా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. డీఐఆర్ లేకపోయినా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చని 2022 మేలో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. లాయరు ఫీజు భయం వద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు వస్తారు. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అర్జీ ఇవ్వండి. కేసు మీరిప్పుడు తాత్కాలికంగా ఉంటున్న ఊళ్లోనే వేయవచ్చు. కాపురం హైదరాబాద్‌లో అయినా పుట్టిల్లు కందుకూరు అయితే అక్కడి కోర్టు చాలు.

భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వాన్ని నేరం చేసిన పాత 498ఏ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి. అది పోలీసు కేసు, గృహహింస పిటిషన్ వేరు. రెండూ పెట్టవచ్చు. అదుపు ఒక్కటే ఉన్నప్పుడు నేను సాధారణంగా ముందు డీవీసీ, అంటే ఈ గృహహింస కేసు, వేయిస్తాను. ఇల్లు, డబ్బు, పిల్లలు, సర్టిఫికెట్లు అన్నీ ఒకే దరఖాస్తులో తేల్చగలిగేది అదే.

మొదటి వాయిదా నుంచి

మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి వాయిదా, ఆ తర్వాత 60 రోజుల్లో ముగించే ప్రయత్నం అని చట్టం చెబుతుంది. కోర్టుల్లో అంత త్వరగా అవదు. అందుకని అసలు పిటిషన్‌తో పాటే ఇరవై మూడో సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వుకు మూడో ఫారం అఫిడవిట్ వేయించండి. అవతలివాళ్లు కోర్టుకు రాకముందే కూడా ఆ ఉత్తర్వు ఇవ్వవచ్చు. "నోటీసు వెళ్లాక చూద్దాంలే" అంటే గట్టిగా అడగండి.

కౌన్సెలింగ్‌కు పంపితే ఒకటి గుర్తుంచుకోండి. "వంట సరిగా చేయదండీ, ఎదురు మాట్లాడుతుందండీ, అందుకే" అని ఆయన తన హింసకు కారణాలు చెప్పుకోవడానికి అక్కడ అవకాశం లేదు. 2006 నియమాల్లో పద్నాలుగో నియమం దాన్ని నిషేధించింది. ఆ సంగతి మొదలుపెట్టక ముందే ఆయనకు చెప్పాలని కూడా ఉంది. అలా జరగకపోతే మీరే ఆ నియమం పేరెత్తండి.

పెద్దమనుషుల్లో కూర్చుని బాండ్ పేపర్ మీద "ఇకమీదట బాగా చూసుకుంటాను" అని రాయిస్తారు. ఆ కాగితం మీరితే ఏ పోలీసూ రాడు. రాజీ నిజంగా మీకు ఇష్టమైతే, అవే షరతులను కోర్టు ముందు పెట్టి ఉత్తర్వులోకి ఎక్కించండి. ఆ రాజీలో కూడా "బాగా చూసుకోవడం" అని వదిలేయకండి. ఏటీఎం కార్డు ఎవరి దగ్గర, పుట్టింటికి ఎప్పుడు, ఉద్యోగం సంగతేమిటి అన్నది రాయాలి.

భర్త విదేశంలో ఉండి మిమ్మల్ని ఇక్కడ వదిలేస్తే మీరున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలోనూ, జాతీయ మహిళా కమిషన్‌లోనూ ఎన్నారై సెల్ ఉంది. మీరే అమెరికాలో హెచ్4 వీసా మీద ఉండి "నా వీసా లేకపోతే నువ్వు లేవు" అనే బెదిరింపు వింటుంటే, హింసకు గురైన హెచ్4 భార్యలు సొంతంగా పని అనుమతి కోరే దారి అక్కడి చట్టంలో ఉంది, ఫారం ఐ-765వి. దెబ్బలే ఉండాలని లేదు, తీవ్రమైన క్రూరత్వం కూడా అందులోకి వస్తుంది. భర్తకు చెప్పకుండా ముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరును, లేదా అక్కడి గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233ను అడగండి.

ఉత్తర్వు వచ్చాక సర్టిఫైడ్ కాపీ ఉచితంగా తీసుకోండి. ఒకటి మీ స్టేషన్ ఎస్‌ఐకి ఇచ్చి రసీదు రాయించుకోండి, ఒకటి పిల్లల బడిలో, ఒకటి మీరు పనిచేసేచోట ఇవ్వండి, ఫోటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. రక్షణ ఉత్తర్వు మీరితే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిల్ హక్కుగా దొరకని నేరం, వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. స్టేషన్‌లో "సాక్షులెవరమ్మా" అని అడిగితే 32వ సెక్షన్ చూపించండి. బాధితురాలి ఒక్కరి సాక్ష్యం మీదే నేరం జరిగిందని కోర్టు నిర్ధారించవచ్చని అందులో ఉంది. మీరిన రోజే, ఉత్తర్వులోని ఏ వాక్యం మీరాడో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఫిర్యాదులో రాయండి. కొత్త పద్ధతిలో వేధిస్తుంటే, ఉత్తర్వులో మార్పు కోసం 25వ సెక్షన్ కింద మళ్లీ అడగవచ్చు. ఉత్తర్వు మీకు అనుకూలంగా రాకపోతే కాపీ అందిన 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేయాలి, ఆ గడువు దాటనివ్వకండి.